టిల్‌బెర్గ్‌లో తొలి మీగడ మిషన్

ఆ మంగళవారం పొద్దున ఎల్ఫ్రీడా ష్టోబ్ పెట్టుకున్న పనులు రెండే. పెరట్లో పుల్లటి రూబార్బు కాడలు ముదిరిపోకముందే కోసి, పిండి పొరల మధ్య పెట్టి కాల్చే తీపి పై ఒకటి చేయడం, పది గంటలకల్లా వెళ్లి మ్యూజియం తలుపు తీయడం. మ్యూజియం అంటే పాత రైల్వే స్టేషనే. టిల్‌బెర్గ్‌కు రైలు రావడం మానేసి ఇరవై ఏళ్లు దాటింది. ఖాళీ స్టేషన్‌ను ఏం చేయాలో తెలియనప్పుడు గోధుమ మైదానాల్లో ఏ ఊరైనా చేసే పనే ఈ ఊరూ చేసింది. దానికి తాళం వేసి మ్యూజియం అని బోర్డు పెట్టింది.

ఆ మ్యూజియం కమిటీకి ఎల్ఫ్రీడా అధ్యక్షురాలు. బడిలో ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. అధ్యక్ష పదవికి ఎన్నిక జరిగిన రోజున ఆమె బాత్‌రూముకు వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అందరూ ఆమె వైపు తిరిగి చప్పట్లు కొడుతున్నారు.

సగం కాడలు కోశాక వంటింట్లో ఫోను మోగింది. కత్తి చేత్తోనే లోపలికి వచ్చి తీసింది. థోరా హల్డోర్సన్. నలభై ఏళ్ల స్నేహితురాలు. భర్త పోయాక పొలం అమ్మేసి, ఊళ్లో చిన్న వాటాలోకి మారుతోంది.

"ఎల్ఫీ, ఇల్లు సర్దుతున్నా. మా అత్తగారి మీగడ మిషన్ ఉంది చూడు, దాన్ని మీ మ్యూజియానికి ఇద్దామనుకుంటున్నా."

ఎల్ఫ్రీడా కత్తిని మెల్లగా బల్లమీద పెట్టింది.

ఒకప్పుడు ఆ చుట్టుపక్కల మీగడ మిషన్ లేని ఇల్లు లేదు. పైన పాలు పోసి పిడి తిప్పితే ఒక గొట్టంలోంచి మీగడ, రెండో గొట్టంలోంచి పలచటి పాలు వచ్చేవి. నడుమెత్తు ఇనుప సామాను. ఇద్దరు మగవాళ్లు మూలుగుతూ పట్టుకుంటే గానీ జరగదు. ఎవరు ఇల్లు మారినా, ఎవరింట్లో పెద్దావిడ పోయినా, ఆ వారమే అది మ్యూజియం గుమ్మంలో ప్రత్యక్షమయ్యేది. అప్పటికే స్టేషన్ వెయిటింగ్ రూములో పదిహేడు ఉన్నాయి. చూడవచ్చినవాళ్లు అడ్డంగా తిరిగి నడవాలి. కిందటేడు భారీ శరీరం గల యాత్రికుడొకడు తొమ్మిదోదానికీ పదోదానికీ మధ్య ఇరుక్కుపోతే, మేయరు వచ్చి తొమ్మిదోదాన్ని జరిపించాడు.

వద్దు అనడానికి ఎల్ఫ్రీడాకు నోరు రాలేదు. టిల్‌బెర్గ్‌లో ఎవరికీ రాదు. పెళ్లి కూడా 'చూద్దాం' అనే మాట మీదే ఆగిపోతుంది తప్ప, వద్దు అన్న మాట మీద ఆగదు.

"కమిటీ ఒక కొత్త రూలు పెట్టింది థోరా," అంది. "వస్తువుతోపాటు దాని చరిత్ర కూడా కాగితం మీద రాసివ్వాలి. లేకపోతే తీసుకోవడానికి వీల్లేదు."

"ఎప్పుడు పెట్టింది?"

"ఈమధ్యే."

అది నిజమే. పెట్టి నాలుగు క్షణాలైంది. నలభై ఏళ్లలో థోరా సరుకుల చీటీ తప్ప మరొకటి రాయగా ఎల్ఫ్రీడా చూడలేదు. పాము చావకుండా కర్ర విరగకుండా పని అయిపోయిందనుకుని ఫోను పెట్టేసింది.

బల్ల దగ్గర కాఫీ తాగుతున్న భర్త కార్నీ తలెత్తాడు. "కమిటీ మీటింగు ఎప్పుడైంది?"

"ఇప్పుడే."

"ఎవరెవరొచ్చారు?"

"నువ్వు కాఫీ తాగు."

గురువారం మధ్యాహ్నం థోరా తన ట్రక్కు వేసుకుని స్టేషన్‌కు వచ్చింది. వెనక తాళ్లతో కట్టిన మిషన్, ముందు సీటులో పదకొండు పేజీలు. పేజీలకు సీటు బెల్టు కూడా పెట్టింది.

ఎల్ఫ్రీడా నిలబడే చదివింది. మొదటి మూడు పేజీలు ఐస్‌లాండ్ నుంచి ఓడ ప్రయాణం. నాలుగో పేజీలో మిషన్ కొన్నారు. ఏడో పేజీలో, 1908లో, రైలుదారి కొలవడానికి వచ్చిన సర్వేయరొకడు థోరా అత్తవారింట్లో ఆగాడు. ఆ మిషన్ తీసిన మీగడ కాఫీలో వేసుకుని తాగాడు. కళ్లు మూసుకుని, 'ఇలాంటి మీగడ దొరికే చోట స్టేషన్ లేకపోతే దేశానికే అవమానం' అన్నాడు. ఆ విధంగా టిల్‌బెర్గ్ పుట్టింది.

"ఇది నీకెవరు చెప్పారు?" అంది ఎల్ఫ్రీడా. పాత ఉపాధ్యాయిని గొంతు దానంతటదే వచ్చేసింది.

"మా అత్తగారు."

"ఆవిడ కల్పించి చెప్పి ఉండరు కదా?"

"ఆవిడకి అంత తెలివెక్కడిది?"

ఇక చేసేదేమీ లేక ఎల్ఫ్రీడా పద్దెనిమిదో మిషన్ లోపల పెట్టించింది. రూలు తనదే కాబట్టి ఆ పదకొండు పేజీలనూ గోడకు వరసగా గుచ్చింది. ఆమె చేసిన అసలు తప్పు అదే.

మర్నాడు పొద్దున దిమిత్రో హ్నాత్యుక్ వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఊరు పుట్టింది దిమిత్రో తండ్రి తవ్విన బావి వల్ల అని తొంభై ఏళ్లుగా అందరూ చెప్పుకునే మాట. రైలింజన్‌కు నీళ్లు కావాలి, నీళ్లు ఆ బావిలో ఉన్నాయి, కాబట్టి స్టేషన్ అక్కడ కట్టారు. బావి దగ్గర ఇత్తడి ఫలకం ఉంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ దిమిత్రో దాన్ని తన జేబురుమాలుతో తుడుస్తాడు.

పెదవులు కదుపుతూ పదకొండు పేజీలూ చదవడానికి ఆయనకు నలభై నిమిషాలు పట్టింది. తర్వాత టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"టీచరమ్మా, నాకో సందేహం. రైలింజను నీళ్లు తాగుతుందా, మీగడ తాగుతుందా?"

"నీళ్లే దిమిత్రోగారూ."

"మరి ఈ గోడ మీద ఏమిటిది?"

"అది థోరా రాసింది. మ్యూజియం ఇంకా నిర్ధారించలేదు."

దిమిత్రో టోపీ పెట్టుకుని నేరుగా పెట్రోలు బంకుకు వెళ్లాడు. ఊళ్లో మగవాళ్లంతా పొద్దుటిపూట అక్కడ చేరి, కాఫీ ఎవరు ఇప్పించాలో పాచికలు వేసి తేల్చుకుంటారు. మొదటి పాచిక పడేసరికి ఎల్ఫ్రీడా మాట 'థోరా రాసినదానికి ఆధారం లేదట' అయింది. రెండో కప్పు కాఫీ అయ్యేసరికి 'థోరా అబద్ధం రాసిందట'. ఆ మైదానంలో గాలికి అడ్డం లేదు, మాటకు అంతకన్నా లేదు. పన్నెండింటికి అది థోరా చెవిన పడేసరికి 'టీచరమ్మ నిన్నూ మీ అత్తగారినీ కలిపి దొంగలంది' అయికూర్చుంది.

థోరా ఫోను చేయలేదు. అదే ఎల్ఫ్రీడాకు భయం పుట్టించింది.

ఆదివారం చర్చిలో థోరా మూడు వరసలు వెనక్కి మారి కూర్చుంది. బుధవారం చర్చి కింది హాల్లో ఆడవాళ్లంతా బొంత కుట్టే రోజు. పన్నెండు మంది చట్రం చుట్టూ కూర్చున్నారు. థోరా సరిగ్గా ఎదురుగా కూర్చుని, ఎల్ఫ్రీడాను చూడకుండా పక్కనున్న వెర్నా ఫెన్స్కేతో అంది.

"వెర్నా, ఆవిణ్ణి నీలం దారం ఇమ్మను."

"ఎల్ఫ్రీడా, నీలం దారం ఇమ్మంటోంది," అంది వెర్నా.

"ఇదిగో, తీసుకోమను. ఇంకో మాట కూడా చెప్పు. నేను ఆ మాట అనలేదని."

"అనలేదట."

"గోడ మీద గుచ్చింది ఎవరట? ఊరంతా నవ్వుకోవాలనే కదా గుచ్చిందట?" అంది థోరా.

వెర్నా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఇంత పొడుగు మాటలు నేను మోయలేను. మీరే మాట్లాడుకోండి," అంది. వాళ్లు మాట్లాడుకోలేదు. ఆ బొంత ఇప్పటికీ ఉంది. ఒక సగం కుట్టు మరో సగం కన్నా బిగువు.

ఇది ఇక్కడితో ఆగినా బాగుండేది. కాని మిగిలిన పదిహేడు మిషన్ల వాళ్లకూ గోడ కనిపించింది. "హల్డోర్సన్ వాళ్ల దానికి చరిత్ర ఉంది. మా దానికి లేదా?" అని ఒక్కొక్కరే కాగితాలు పట్టుకుని బయలుదేరారు. థోరా మిషన్ 1908 అని రాస్తే, శుక్రవారం వచ్చిన వాళ్లది 1907. శనివారం వచ్చిన వాళ్లది 1904. వెర్నా ఫెన్స్కే కుటుంబం 1899 అని రాసిచ్చింది. అప్పటికి అక్కడ గడ్డీ, గడ్డి కింద నేల ఉడుతల బొరియలూ తప్ప మరేమీ లేవు. చివరికి విత్తనాలు అమ్మి రిటైరైన గున్నార్ తమ మిషన్ 1874 నాటిదని పెద్దక్షరాలతో రాసుకొచ్చాడు.

ఎల్ఫ్రీడా పుస్తకం తిరగేసి చూసింది. "గున్నార్, అప్పటికి ఇంకా మీగడ మిషనే కనిపెట్టలేదు."

"చూశారా మరి," అన్నాడు గున్నార్. "ఎంత అరుదైనదో!"

చిలికి చిలికి గాలివాన అయిందంటే ఇదే. జులై నాటికి ఊరు రెండుగా చీలింది, బావి వాళ్లు, మీగడ వాళ్లు అని. బావి వాళ్లు పెట్రోలు బంకులో కాఫీలో పాలు పోసుకోవడం మానేశారు. మీగడ వాళ్లు బావి దగ్గరికి వచ్చేసరికి రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవారు. ఆగస్టులో ఊరికి తొంభై ఏళ్లు నిండిన పండగ. ఊరేగింపు ముందు బావి బొమ్మ నడవాలా, మిషన్ నడవాలా?

మేయరు లైల్ పెటిగ్రూ ఒక సాయంత్రం ఎల్ఫ్రీడా ఇంటి మెట్ల మీద కూర్చుని దోమలు తోలుకుంటూ ఏడుపు మొహం పెట్టాడు. అయిదో తరగతిలో ఆమె దగ్గరే చదువుకున్నాడు. ఇప్పుడు పంటల బీమా అమ్ముతాడు.

"టీచరుగారూ, మీరే ఏదో ఒకటి చెప్పండి. అటు బావి వాళ్లు బీమా రద్దు చేసుకుంటామంటున్నారు. ఇటు మీగడ వాళ్లూ అదే అంటున్నారు. నేను మేయరుగా బతకనా, మనిషిగా బతకనా?"

ఎల్ఫ్రీడా ఆలోచించింది. వాయిదా ఒక్కటే మార్గం అనిపించింది.

"సిటీలో పెద్ద మ్యూజియం ఉంది కదా లైల్. అక్కడి నిపుణుడెవరికైనా రాద్దాం. ఆయన వచ్చి తేల్చేదాకా ఎవరూ నోరెత్తకూడదని చెప్పు."

సిటీవాళ్లు ఉత్తరానికి జవాబివ్వడానికి ఏడాది తీసుకుంటారని, ఆలోగా అందరూ మర్చిపోతారని ఆమె లెక్క. లైల్ ఉత్తరం రాయలేదు. ఫోను చేశాడు. డాక్టర్ ఆంబ్రోస్ వీక్స్ అనే ఆయన తీశాడు. పాత వ్యవసాయ పనిముట్ల విభాగానికి అధిపతి. ఆ విభాగంలో ఆయన ఒక్కడే. మీగడ మిషన్ల గురించి ఒక ఊరు కొట్టుకుంటోందని వినగానే ఆయన "ఈ శనివారమే వస్తాను," అన్నాడట.

కార్నీ ఈ సంగతి విని కాఫీ కప్పు కింద పెట్టాడు. "మళ్లీ కమిటీ మీటింగు అయిందా?" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఒక్కతే మ్యూజియంలో బకెట్, సబ్బు పెట్టుకుని మిషన్లు తుడుస్తోంది. నిజానికి ఆమెకు ఏ మిషన్ మీదా ధ్యాస లేదు. నలభై ఏళ్లలో ప్రతి శుక్రవారం థోరా వంటింట్లో కాఫీ తాగింది. ఇప్పటికి ఎనిమిది శుక్రవారాలు పోయాయి. బావి గెలిచినా మీగడ గెలిచినా ఆ కాఫీ తిరిగొచ్చేలా కనిపించడం లేదు.

తలుపు కిర్రుమంది. థోరా. నడుముకు ఆప్రాన్ కట్టుకుని, తన బ్రష్ తను తెచ్చుకుంది. పలకరించలేదు. నేరుగా వెళ్లి తన మిషన్ మూత తీసి, లోపలి గరాటు రేకులను ఒక్కొక్కటిగా బకెట్లో వేసి కడగడం మొదలుపెట్టింది. చూడకుండానే వరస తప్పకుండా కడుగుతోంది. ఇరవై ఏడు రేకులు. అవి అయ్యాక పక్క మిషన్ మూత తీసింది.

"అది వెర్నాది," అంది ఎల్ఫ్రీడా.

"ఎవరిదైనా రేకులు ఇరవై ఏడే," అంది థోరా. ఒక రేకు పైకెత్తి చూపించింది. "పెళ్లయిన మర్నాడు పొద్దున మా అత్తగారు నా చేతికిచ్చిన కానుక ఇది. పూటపూటా కడగాలి, రోజుకి రెండుసార్లు. పదిహేడేళ్లు కడిగా. చలికి నీళ్లు గడ్డకట్టే రోజుల్లో కూడా. ఒక్క రేకు వరస మారినా ఆవిడ వాసన చూసి చెప్పేసేది. దీన్ని చూస్తే ఇప్పటికీ నా వేళ్లు కొంకర్లు పోతాయి ఎల్ఫీ."

ఎల్ఫ్రీడా గుడ్డ పక్కన పెట్టింది. "మరి ఇంత ప్రేమగా పదకొండు పేజీలు రాశావు?"

"ప్రేమా నా మొహమా! నువ్వు వద్దంటావనే కదా ఆ రోజు ఫోను చేశాను. 'మ్యూజియం వాళ్లే వద్దన్నారు' అని ఒక మాట నా చేతిలో ఉంటే, పాత ఇనుప సామాను వాడికి ఇచ్చేద్దును. పైలోకంలో అత్తగారికి జవాబు చెప్పుకోవడానికి ఉండేది. నువ్వేమో చరిత్ర అడిగావు. రాయకపోతే ఆవిడ పరువు పోతుంది. రాయడం మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు."

"ఆ సర్వేయరు?"

"అది ఏడో పేజీ కదా. అక్కడికొచ్చేసరికి నాకే నమ్మకం కుదిరిపోయింది."

ఎల్ఫ్రీడా బోర్లించిన బకెట్ మీద కూలబడింది. "అసలు ఆ రూలే లేదు థోరా. రూబార్బు కోస్తూ కోస్తూ పెట్టాను."

"తెలుసు. ఆ సాయంత్రమే మీ కార్నీ చెప్పాడు."

"తెలిసీ రాశావా?"

"తెలిశాక కోపం వచ్చి రాశా. లేకపోతే నాలుగు పేజీల్లో ముగించేదాన్ని."

థోరా తమ చుట్టూ ఉన్న మిషన్లను బ్రష్‌తో చూపించింది. "ఇవన్నీ అంతే. వెర్నాదీ అంతే, గున్నార్ పెళ్లాందీ అంతే. ఎవరికి కావాలి ఈ ఇనుము? నువ్వు వద్దంటావని ఆశపడి తెచ్చినవాళ్లే అందరూ. నువ్వేమో పదిహేడుసార్లూ 'ఎంత సంతోషం' అన్నావు."

ఎల్ఫ్రీడాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. సంచిలోంచి ఫ్లాస్కు తీసి మూతలో కాఫీ పోసి థోరాకు ఇచ్చింది. థోరా తీసుకుంది. ఆ మూతతోనే ఇద్దరూ తాగారు. ఫ్లాస్కు ఖాళీ అయ్యేలోపు ఉపాయం సిద్ధమైంది. రేపు ఆ డాక్టరుగారిని పక్కకు పిలిచి, ఈ పద్దెనిమిదీ ఎందుకూ కొరగానివని అందరి ముందూ ప్రకటించమని బతిమాలాలి. నిపుణుడే చెప్పాడంటే ఎవరికీ తలవంపులు ఉండవు. మిషన్లు ఇనుప సామానుకు పోతాయి, బావి బావిలా ఉంటుంది, ఊరు ఊరవుతుంది.

శనివారం డాక్టర్ వీక్స్ చెప్పిన వేళకన్నా గంట ముందే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మెడలో భూతద్దంతో ఉన్నాడు. పొద్దున తొమ్మిదింటికి మొదటి కాగితం దగ్గర నిలబడి, రెండింటికి చివరి కాగితం దగ్గర తేలాడు. మధ్యలో ఎవరో బంగాళదుంప కూరిన పెరోగీల పళ్లెం అందిస్తే అదీ నిలబడే తిన్నాడు. రెండుసార్లు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుండగా స్నేహితురాళ్లిద్దరూ ఆయన్ను అటొకరు ఇటొకరుగా పట్టుకున్నారు.

"డాక్టరుగారూ, మీరు మాకొక ఉపకారం చెయ్యాలి," అంది ఎల్ఫ్రీడా. "ఈ మిషన్లకి ఏ విలువా లేదని చెప్పేయండి."

"ఒక్కదానికీ లేదని," అంది థోరా. "ముఖ్యంగా మాదానికి."

డాక్టర్ వీక్స్ ఇద్దరినీ చాలాసేపు చూశాడు. "ఇంత వినయం నేను ఇంతవరకూ చూడలేదు," అని వాళ్ల చేతులు నొక్కి, సభకు వెళ్లిపోయాడు.

సభ చలికాలంలో మంచు మీద బరువైన రాళ్లు జారించి కర్లింగ్ ఆడే హాల్లో పెట్టారు. వేసవి కాబట్టి మంచు లేదు, కుర్చీలున్నాయి. ఎడమ వైపు బావి వాళ్లు, కుడి వైపు మీగడ వాళ్లు. మధ్యలో నడిచే దారిలో లైల్ ఒక్కడే ఒంటి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఏది మొదటి మిషనో నేను చెప్పను," అని మొదలుపెట్టాడు డాక్టర్ వీక్స్. "ఈ కాగితాల్లో తేదీల పొరపాట్లు కొన్ని ఉన్నాయి. 1874 అన్నది కొంచెం తొందరపాటు." గున్నార్ తల వంచుకున్నాడు. "కాని ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఒక ఊరు ఊరంతా కూర్చుని తన మీగడ మిషన్ల కథ ఇంత ప్రేమతో రాసుకోవడం ఎక్కడా చూడలేదు. మా మ్యూజియం నేలమాళిగలో ఇవే మిషన్లు ముప్పై నాలుగున్నాయి. ఎవరివో తెలియదు. ఒక్క వాక్యం చరిత్ర లేదు. అనాథల్లా పడి ఉన్నాయి. వాటి గురించి రోజూ బాధపడేవాణ్ణి. ఇవాళ ఆ బాధ తీరింది."

కుడివైపు వాళ్లకు వెన్నులో చలి పుట్టింది. వెర్నా ఫెన్స్కే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ ముప్పై నాలుగింటినీ టిల్‌బెర్గ్‌కు కానుకగా పంపిస్తున్నాను."

ఎల్ఫ్రీడా లేచి నోరు తెరిచింది. అంతకన్నా ముందే లైల్ లేచాడు. రెండు నెలల తర్వాత రెండు పక్షాలూ ఒకేసారి నోరు మూసుకోవడం చూసి అతనికి కళ్లు చెమ్మగిల్లాయి. "ఊరి తరఫున ఎంతో సంతోషంగా స్వీకరిస్తున్నాం," అన్నాడు. మొదట చప్పట్లు కొట్టింది దిమిత్రో. ఊరూ పేరూ లేని మిషన్లు ముప్పై నాలుగు వచ్చి కలిస్తే ఇక ఏ మిషనూ మొదటిదని చెప్పుకోలేదని, ఊరేగింపులోనూ బావికి ఢోకా లేదని ఆయనకు అందరికన్నా ముందు అర్థమైంది. ఆయన్ను చూసి ఎడమ వైపు అంతా కొట్టారు. కొట్టకపోతే మర్యాద కాదు కాబట్టి కుడి వైపు వాళ్లూ కొట్టారు.

"నువ్వు నోరు తెరిచావు కదా. ఏమనబోయావు?" అని థోరా చెవిలో అడిగింది.

"వద్దు అనబోయాను."

"రాలేదా?"

"చప్పట్లలో కలిసిపోయింది."

బుధవారం పొద్దున పెద్ద లారీ వచ్చి స్టేషన్ ముందు ఆగింది. ఎల్ఫ్రీడా, థోరా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి చూస్తుండగా, ఊళ్లో మగవాళ్లంతా ఆ పక్షం ఈ పక్షం లేకుండా మూలుగుతూ మిషన్లు దింపారు. టికెట్ల గది నిండింది, సామాన్ల గది నిండింది, ప్లాట్‌ఫారం మీద వరస కట్టింది. అంతా అయ్యాక డ్రైవరు టోపీ తీసి, మొహమాటంగా నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఇంకొకటి కూడా ఉందండి. మా నాయనమ్మది. మీ ఊళ్లో వీటిని బాగా చూసుకుంటారని విన్నాను."

అది కూడా దింపారు. ఆ వేసవి చివరికి టిల్‌బెర్గ్ జనాభా రెండు వందల ఎనభై ఆరు, మీగడ మిషన్లు యాభై మూడు. ఊరంతా గాలించినా ఆవు మాత్రం ఒక్కటీ లేదు.